మన గోడు పత్రిక కెక్కాలంటే...

"ఎన్నిసార్లు రాసినా మా కష్టం పత్రికలవారు వెయ్యరండీ!" అని వాపోయేవారు చాలామంది. కష్టాలు అందరికీ ఉన్నవే; అందులో వార్త ఏదో తేల్చి చెప్పాలి.

నెల్లూరు జిల్లా దూబగుంటలో సారావల్ల సంసారాలు గుల్లై ఆడవాళ్ళు ఏళ్ళతరబడి ఏడ్చారు. అది వార్త కాలేదు. 1992 నాటికి అందరూ ఏకమై సారాను ఊళ్ళోకి రానివ్వమన్నారు; అది వార్తయింది. పత్రికలు ఊరూరా చాటాయి. 1993 అక్టోబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది.

కనుక ఊరు, తేదీ, జరిగిన సంగతి మొదటి నాలుగు వాక్యాలలోనే రాయండి. రుజువు కాగితాల నకళ్ళు జతచేయండి. అదే ఇబ్బంది ఇంకెందరిదో చెప్పండి.

ఒక్క మాట. అచ్చయిన అక్షరం వెనక్కి రాదు. ఇంటిగుట్టు ఎంతవరకు బయట పెట్టాలో, పంపేముందే ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోండి.