పంటకాలపు కాఫీ – కొనుటకు ముందు తెలిసికొనదగిన సంగతులు

మామిడిపండు ఏ మాసమున వచ్చునో, కొత్తబెల్లము ఎప్పుడు దిగునో మనలో తెలియనివారుండరు. కాఫీకిని అట్టి ఋతువొకటి కలదను సంగతిని మాత్రము చాలమంది ఎరుగరు. అంగడిలో ఏడాది పొడుగున ఒకే రుచి గల పొడి దొరకుటయే ఇందుకు కారణము. పలు తోటల గింజలను కలిపి ఆ రుచి మారకుండ చూతురు.

ఇటీవల వేరొక విధమైన కాఫీ అమ్మకమునకు వచ్చుచున్నది. ఒక తోటలోనో, కొన్ని గ్రామములలోనో ఒక్క పంటలో లభించిన కొద్దిపాటి గింజలను ఇతరములతో కలుపక విడిగా వేయించి అమ్ముదురు. సరకు తీరినచో మరల మరుసటి పంటకే. వెల సామాన్యపు కాఫీకి మించియుండును. ఆ అధికపు వెల దేనికి ఇచ్చుచున్నామో తెలిసి ఇచ్చుట మంచిది.

అరకు ప్రాంతమునే చూతము. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలలో, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్లు, అంతకు పైబడిన ఎత్తున, గిరిజన రైతులు నీడచెట్ల క్రింద అరబికా జాతి కాఫీని పండించుచున్నారు. ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. వేసవి ఆరంభమున మంచి వాన పడిన పది దినములలో తోట తెల్లగా పూయును. ఆ పూత పండగుటకు ఎనిమిది, తొమ్మిది నెలలు పట్టును. కోతలు నవంబరులో మొదలై జనవరి, ఫిబ్రవరి వరకు సాగును.

కష్టమంతయు ఇక్కడనే యున్నది. ఒక కొమ్మపై పండ్లన్నియు ఒకేసారి పండవు. ఎర్రనివి మాత్రమే ఏరి, పచ్చివి విడిచి, కొన్ని దినములకు మరల అదే చెట్టు కడకు రావలెను. కొమ్మను దూసినచో పని ఒక్క పూటలో తీరును. కాని పచ్చికాయ కలిసిన కాఫీ వగరెక్కును. ఏరిన పండ్లను నాడే తొక్క ఒలిచి, జిగురు పోవునట్లు పులియబెట్టి, కడిగి, మంచెలపై పలుచగా పరచి, తేమ 11 శాతము ప్రాంతమునకు దిగువరకు త్రిప్పుచు ఎండబెట్టవలెను. దూసిన కాయకును ఏరిన పండునకును ఒకే ధర పలికినచో ఏ రైతు ఇంత శ్రమకోర్చును? కొనువారు విడిగా అడిగిననే విడిగా ధర పుట్టును.

రుచిచూచు నిపుణులు 100 మార్కులకు 80, అంతకు పైన ఇచ్చిన గింజను ‘స్పెషాలిటీ’ కాఫీ యందురు. ‘పరిమితము’ అను మాటను మాత్రము ఎవరైనను అట్టపై అచ్చొత్తవచ్చును. తోట లేక గ్రామము పేరు, పంట సంవత్సరము, శుద్ధిచేసిన విధము, వేయించిన తేదీ ఉన్నవో లేవో చూడవలెను. వేయించిన తేదీ లేని పొట్లమును మేమైతే కొనము. చిక్కని పాలు, చక్కెర దండిగా పోయు ఇంట మాత్రము ఈ సున్నితపు రుచులు మరుగుపడును. అట్టివారు సామాన్యపు కాఫీతో తృప్తిపడుట లాభము.

బియ్యము పాతబడిన కొలది అన్నము పొడిపొడిగా వచ్చును. కాఫీ అట్లు కాదు. పచ్చిగింజ నెలల తరబడి నిలువయుండును గాని, వేయించిన గింజ సువాసన కొలది వారములలోనే తగ్గును. పొడిచేసినచో మరింత త్వరగా పోవును. ఇక దొరకదేమోయని కిలోల కొలది కొని దాచుట వృథా. 250 గ్రాముల గింజలు కొని, గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరముగా ఉంచి, ఏ పూటకాపూట పొడిచేసికొనవలెను.

కోతతో ఋతువు ముగియని కాఫీయు ఒకటి కలదు. పడమటి తీరమున జూన్ నుండి సెప్టెంబరు వరకు గింజలను గోదాములలో పరచి వానగాలి తగులనిత్తురు. గింజ ఉబ్బి, పసుపువన్నెకు తిరిగి, పులుపు తగ్గును. దీనిని మాన్‌సూన్డ్ మలబార్ అందురు. ఇది సిద్ధమగునది వానలు వెనుదీసిన తరువాతనే గనుక, మే నెలలో ‘కొత్తసరకు’ అని చూపినచో అది ఏ యేటిదో అడిగి కొనవలెను.