నొప్పి పోయె... పుండు మిగిలె!

పొద్దంతా మట్టి మోసిన నడుము రాత్రికి పట్టేస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరో, మెడికల్ షాపాయనో రెండు గోళీలిస్తారు. తెల్లారేసరికి నొప్పి మాయం. మళ్లీ పని... మళ్లీ గోళీ! ఊరూరా తిరిగి ప్రాజెక్టులు కట్టిన పాలమూరు కూలీలకైనా, ఫ్లోరైడు నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయిన నల్లగొండ పల్లెల పెద్దలకైనా ఇది మామూలే. కొన్నాళ్లకు కడుపులో మంట మొదలవుతుంది. నొప్పి తగ్గించిన గోళీయే పుండు పెడుతుందని ఎంతమందికి తెలుసు?

కాపలా పోతే...

ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్... పేర్లు వేరైనా పని ఒకటే. నొప్పిని, వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్లు తయారవకుండా అడ్డుపడతాయి. ఈ గుట్టును 1971లో విప్పిన బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1982 నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకున్నారు. చిక్కేమిటంటే, జీర్ణాశయం గోడ మీద జిగురుపొరను నిలబెట్టి ఆమ్లం నుంచి కాపాడేదీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. కాపలా పోతే గోడ పుండవుతుంది. అన్నం తిన్నాక వేసుకుంటే మంట కాస్త తగ్గొచ్చు. కానీ మందు రక్తంలో కలిశాక కూడా ఇదే పని చేస్తుంది కనుక ముప్పు పూర్తిగా తప్పదు.

చెట్టులో మందు

మరి వేప, ఉసిరి, కరక్కాయ ఇంటి మందులైన మన నేలలో దీనికి విరుగుడు లేదా? వెతికినవారున్నారు. 1960ల్లో మన దేశానికి చెందిన సన్యాల్ బృందం అరటికాయ పొడిని జంతువులపై పరీక్షించింది. నొప్పి మందు వల్ల వచ్చే పుండ్లను అది అడ్డుకుంది. అరటికాయలోని ల్యూకోసయనిడిన్ అనే పదార్థం ఆస్పిరిన్ దెబ్బ నుంచి ఎలుకల కడుపును కాపాడిందని 1999లో బ్రిటన్ పరిశోధకులు వెల్లడించారు. వేపబెరడు సారాన్ని రోగులకే ఇచ్చి చూసిన కోల్‌కతా శాస్త్రవేత్తలు, ఆమ్లం తగ్గిందని 2004లో ప్రకటించారు.

అందరికన్నా ముందు నడిచింది అతిమధురం. 1940ల్లో నెదర్లాండ్స్ వైద్యుడు రెవెర్స్ దీన్ని అల్సర్ రోగులకు వాడి గుణం చూశారు. దానిలోని పదార్థం నుంచే కార్బెనాక్సొలోన్ అనే మందు పుట్టి 1960ల్లో బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చింది. ప్రోస్టాగ్లాండిన్లు త్వరగా విరిగిపోకుండా చూడటం దాని గొప్పతనం. గోళీ పోగొట్టినదాన్ని వేరు నిలబెట్టిందన్నమాట!

తీపి వెనక చేదు

కానీ అదే మందు ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచింది. కాళ్లు వాచాయి, బీపీ పెరిగింది, రక్తంలో పొటాషియం పడిపోయింది. అంతకన్నా సురక్షితమైన మందులు రావడంతో వెనకబడింది. ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. కీళ్లనొప్పుల గోళీలు మింగే పెద్దల్లో చాలామందికి బీపీ కూడా ఉంటుంది. ‘చెట్టు మందే కదా’ అని రోజూ అతిమధురం పొడి తింటే కడుపు సంగతేమో గానీ గుండెకు ముప్పు!

అరటికాయ కూర నిక్షేపంగా తినండి. కానీ ఎలుకల్లో నెగ్గిన పొడి మనిషి పుండును మాన్పుతుందని నమ్మి కూర్చోవద్దు. ముందు చేయాల్సింది గోళీ సంగతి డాక్టరుతో తేల్చుకోవడం. పారాసెటమాల్‌తో పుండ్ల బెడద తక్కువ. పెద్ద గోళీ తప్పనిసరైతే ఒమెప్రజోల్ వంటి ఆమ్లం తగ్గించే మందును తోడివ్వమని అడగండి. గుండె కోసం రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా మానొద్దు. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా ఏ పొడీ వెతక్కండి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి!