ఉపవాసం, మాత్ర, కొండదారి: మధుమేహమున్న యాత్రికులకు ఒక మనవి

అహోబిల క్షేత్రంలో నవ నారసింహులను సేవించుకోవాలన్నది నా చిరకాల సంకల్పం. నా వయస్సు 68 సంవత్సరాలు. మధుమేహం వచ్చి 16 ఏళ్ళయినది. ఒక స్వాతి నక్షత్రం నాడు ఎగువ అహోబిలం నుండి భవనాశిని వెంట జ్వాలా నరసింహస్వామి సన్నిధికి బయలుదేరాను. దర్శనమయ్యేవరకు ఏమీ భుజించరాదని నియమం పెట్టుకున్నాను. మందు మానరాదని తెల్లవారుజామున మాత్ర మాత్రం వేసుకున్నాను.

సగం దారిలో చేతులు వణికాయి. ఒళ్ళంతా చల్లని చెమట పట్టింది. చూపు మసకబారింది. ఎక్కుడు వలన కలిగిన అలసటేనని నన్ను నేను సమాధానపరచుకుంటూ ఉండగా, వెనుక వస్తున్న ఒక పెద్దమ్మ నా వాలకం గమనించి, పానకానికని తెచ్చుకున్న బెల్లం చేతిలో పెట్టి, "ముందు ఇది నోట్లో వేసుకో సామీ, దర్శనం యాడికి పోదు" అన్నది. పావుగంటకు తేరుకున్నాను. ఆమె లేకుంటే ఆ రాళ్ళ మీద ఏమయ్యేవాడినో తలచుకుంటే నేటికీ గుండె ఝల్లుమంటుంది.

ఈ ప్రమాదానికి మూలం నా భక్తి కాదు, నా అయోమయం. మా ఊరి వైద్యులు హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉండాలన్నారు. గడచిన మూడు నెలల చక్కెర సగటును తెలిపే రక్తపరీక్ష ఇది. నగరంలో మా అబ్బాయి చూపించిన వైద్యులు 8 లోపు ఉంటే చాలునని, మాత్ర మోతాదు తగ్గించమన్నారు. బంధువులు అన్నం మాని, కాకరరసం త్రాగమన్నారు. ఎవరి మాట కాదంటే ఏమవుతుందోనని అందరి మాటలలోని కఠినమైన భాగాలనే ఏరుకున్నాను. మాత్ర తగ్గించలేదు, అన్నం మానాను, రసం త్రాగాను. ఆపైన ఉపవాసంతో కొండ ఎక్కాను.

తరువాత మా వైద్యులు ఓపికగా వివరించగా తెలిసినదేమనగా, ఆ ఇద్దరి మాటలలో విరోధం లేదు. 1998లో వెలువడిన బ్రిటన్ పరిశోధన, కొత్తగా మధుమేహం వచ్చినవారిలో చక్కెరను గట్టిగా అదుపు చేస్తే కన్ను, మూత్రపిండం వంటి అవయవాలకు హాని తగ్గుతుందని చూపింది. అమెరికా, కెనడాలలో పదివేలమందికి పైగా పాల్గొన్న 'అకార్డ్' పరిశోధనలో, ఏళ్ళ తరబడి వ్యాధి ఉండి గుండెజబ్బు ముప్పు కూడా ఉన్నవారికి హెచ్‌బీఏ1సీని 6 లోపునకు దించబోగా మరణాలు పెరిగాయి. 2008లో ఆ తీవ్ర చికిత్సను మధ్యలోనే ఆపివేశారు. కనుక అందరికీ ఒకే లక్ష్యం తగదు. వయస్సు, వ్యాధి వచ్చి ఎన్నేళ్ళయినది, గుండె, మూత్రపిండాల స్థితి, చక్కెర పడిపోయే స్వభావం, వీటినిబట్టి లక్ష్యం మారుతుంది. మా ఊరి వైద్యులు చాలాకాలం క్రితం నా కోసం పెట్టిన గీత అది. నగర వైద్యులు చూసినది నేటి నన్ను.

మాత్రలు కూడా అన్నీ ఒకటి కావు. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం విడుదల చేసే చక్కెరను తగ్గిస్తుంది. అది ఒక్కటే వాడేవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. నేను వాడే గ్లిమెపిరైడ్ వంటివి, మనం తిన్నా తినకున్నా క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. కొండ ఎక్కేటప్పుడు కండరాలు కూడా చక్కెరను గుంజుకుంటాయి. ఇన్సులిన్ వాడేవారికీ ఇదే జాగ్రత్త అవసరం. ఇక మన సీమలో రాగిసంగటి తింటే చక్కెర పెరగదని నమ్మకం. అది మంచి ఆహారమే, కాని అందులోనూ పిండిపదార్థం ఉన్నది. ముద్ద పరిమాణం చూసుకోవాలి.

తోటి యాత్రికులకు నా మనవి ఇది. ఉపవాసానికి, కొండ యాత్రకు ముందే వైద్యుని అడిగి ఆనాటి మోతాదు నిర్ణయించుకోండి. మాత్రలు మీకై మీరు మానకండి. వణుకు, చెమట, తికమక కలిగితే వెంటనే కూర్చోండి. చక్కెర 70 కంటే తగ్గితే మూడు టీస్పూన్ల చక్కెర గాని గ్లూకోజు పొడి గాని నీటిలో కలిపి త్రాగి, 15 నిమిషాల తరువాత మరల పరీక్షించుకోండి. పరీక్షించే సాధనం దగ్గర లేకుంటే ఆలస్యం చేయక ముందు త్రాగండి. లడ్డూ ప్రసాదంలోని నెయ్యి వలన చక్కెర ఆలస్యంగా రక్తంలో చేరుతుంది, కనుక అప్పటికి అది చాలదు. వోగ్లిబోస్ వాడేవారికి గ్లూకోజు పొడే పనిచేస్తుంది. స్పృహ తప్పినవారి నోటిలో ఏమీ పోయక వెంటనే వైద్యసహాయం కోరండి.

ఇద్దరు వైద్యులు రెండు మాటలు చెప్పినప్పుడు ఇంటికి వచ్చి మీరే తీర్పు చెప్పుకోవద్దు. మందుల చీటీలు, మూడు నెలల చక్కెర లెక్కలు, ఇంట్లో త్రాగే రసాలతో సహా, ఒక వైద్యుని ముందు ఉంచి "ఈ వయస్సులో నాకు తగిన లక్ష్యమేది?" అని అడగండి.

నేను మరల అహోబిలం వెళ్ళాను. ఉదయం కొద్దిగా ఫలహారం చేసి, వైద్యుడు చెప్పిన మోతాదు మాత్ర వేసుకుని, సంచిలో గ్లూకోజు పొట్లంతో జ్వాలా నృసింహుని దర్శించుకున్నాను. తిని వచ్చినందుకు మనస్సులో ఏ కొరతా కలుగలేదు. ఈ దేహం కూడా స్వామి ఇచ్చినదే కదా! దానిని కాపాడుకోవడమూ ఒక నియమమేనని ఆనాడు తోచినది.