పేరు కలిసినంత మాత్రమున తాత యగునా?

గత వేసవి సెలవుల అనంతరము, అరకు లోయనుండి వచ్చి మన కళాశాలలో చదువుచున్న విద్యార్థి ఒకడు మా వద్దకు ఒక పాత కాగితపు నకలు తెచ్చినాడు. అది ఫసలీ 1341వ సంవత్సరపు శిస్తు రసీదు. అందు "కొర్రా సుక్రు, తండ్రి బుద్ర" అని వ్రాసి యున్నది. "మాస్టారూ, ఈయన మా ముత్తాతండి. ఈ కాయితం మా భూమికి పనికొస్తుందాండి?" అని అతడు అడిగినాడు. "ఈయనే మీ ముత్తాత యని నీకెట్లు తెలిసినది?" అని మేము తిరిగి అడిగితిమి. "మా ముత్తాత పేరు కూడా కొర్రా సుక్రేనండి" అన్నాడు.

అంతకు మించి అతనివద్ద ఆధారము లేదు. ఆ కాగితము వారి ఇంటిది కూడ కాదు. అదే ఊరిలో మరియొక ఇంటివారి పెట్టెలో నుండగా, అతని మేనమామ చూచి నకలు తీయించి తెచ్చినాడట. చరిత్ర పత్రములలో కనిపించిన మనిషి మన పూర్వికుడా, కాదా అని తేల్చుకొనుట ఎట్లు? ఆ విద్యార్థికి చెప్పిన మాటలనే, మిగిలిన వారికిని ఉపయోగపడునను ఉద్దేశముతో, ఇచట కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

ఇది వంశగౌరవమునకు సంబంధించిన ముచ్చట మాత్రమే యని తలపరాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము ప్రకారము, షెడ్యూల్డు తెగలవారు 2005 డిసెంబరు 13కు పూర్వమునుండి ఆ భూమిలో ఉన్నట్లు చూపవలెను. అడవినాశ్రయించి బ్రతుకు ఇతరులైనచో ఆ తేదీకి వెనుక మూడు తరములు, అనగా 75 సంవత్సరములు, ఉన్నట్లు చూపవలెను. 2008 జనవరి 1న ప్రకటింపబడిన నియమములలో 13వ నియమము ఇందుకు పనికివచ్చు సాక్ష్యములను పేర్కొన్నది. పాత రికార్డులలో పేరున్న వ్యక్తి వరకు చూపు వంశక్రమము వానిలో నొకటి. కావున కొండమీది కుటుంబమునకు ముత్తాత పేరు ఒక జ్ఞాపకము మాత్రమే కాదు, ఒక చెక్క భూమి కూడ కావచ్చును. పొరపాటున మరియొకరి ముత్తాతను మన ముత్తాతగా చూపినచో, మరియొకరి భూమికి ఎసరు పెట్టినవారమగుదుము.

ముందుగా కాలము సంగతి. ఫసలీ యనునది పంట యను అర్థము గల 'ఫసల్' శబ్దమునుండి పుట్టినది. మన ఉర్దూ విద్యార్థులకు ఇది పరిచితమైన మాటయే. ఆంధ్రప్రాంతపు రెవెన్యూ లెక్కలలో ఫసలీ సంఖ్యకు 590 కలిపినచో ఆ సంవత్సరము మొదలగు క్రీస్తు శకము వచ్చును. 1341కి 590 కలుపగా 1931. అనగా ఆ రసీదు 1931 జూలై 1 మొదలు 1932 జూన్ 30 వరకు గల సంవత్సరమునకు చెందినది. అప్పటికి శిస్తు చెల్లించునంత వయస్సు మన విద్యార్థి ముత్తాతకు ఉండెనా అన్నది మొదటి ప్రశ్న. అసాధ్యము కాదు. కాని సాధ్యమగుట వేరు, నిజమగుట వేరు.

ఇక పేరు సంగతి. విశాఖ మన్యములోను, కొరాపుట్టు కొండలలోను పుట్టిన వారమునుబట్టి బిడ్డకు పేరు పెట్టుట పలు తెగలలో చిరకాలముగా ఉన్న ఆచారము. సోమవారము పుట్టినవాడు సోంబారు, బుధవారము పుట్టినవాడు బుద్ర, శుక్రవారము పుట్టినవాడు సుక్రు. వారములు ఏడే గదా! ఇంటిపేర్లుగా వ్రాయబడుచున్నవి అనేక సందర్భములలో కుల చిహ్నములను తెలుపు వంశనామములు. కొర్రా యన్న సూర్యుడు, కిల్లో యన్న పులి, పాంగి యన్న గద్ద, వంతల యన్న పాము, గొల్లోరి యన్న కోతి. ఈ వంశనామములు ఒక్క తెగకే పరిమితమైనవి కావు. వేర్వేరు తెగలలోను అవే కనిపించును. ఏడు వారముల పేర్లను ఈ కొద్ది వంశనామములతో జతచేసినచో, ఒక్క కొండ వాలులోనే ఒకే పేరు గలవారు పలువురుండుట వింత కాదు. పైగా తాత పేరు మనుమనికి పెట్టు వాడుక ఉన్నచోట, ఒకే ఇంటిలోనే రెండు తరములకొకసారి అదే పేరు తిరిగి వచ్చును.

దొర, పడాలు అను మాటలును ఇట్టివే. అవి పేరు చివర చేరు గౌరవవాచకములే కాని కుటుంబమును గుర్తుపట్టించు ఇంటిపేర్లు కావు. అల్లూరి సీతారామరాజు నడిపిన 1922-24 నాటి మన్యపు పోరాటములో గాము గంటం దొర, గాము మల్లు దొర అను సోదరులు ప్రసిద్ధులు. ఇందు 'గాము' ఇంటిపేరు, 'దొర' బిరుదు. దొర యన్న మాట చూచి గంటం దొర మా తాత అనుట ఎంత తొందరపాటో చెప్పనక్కరలేదు.

మల్లు దొర విషయమే ఒక మంచి పాఠము. 1923లో పట్టుబడి శిక్షననుభవించిన తిరుగుబాటుదారుడు ఒకడు. మొదటి సాధారణ ఎన్నికలలో, 1952లో, విశాఖపట్టణమునుండి లోక్‌సభకు ఎన్నికైన స్వతంత్ర సభ్యుడు ఒకడు. ఇద్దరును ఒకరే యని మనమెట్లు నమ్ముచున్నాము? పేరును బట్టి మాత్రమే కాదు. ఇంటిపేరు, ప్రాంతము, సోదరుని పేరు, వయస్సు, చెర, విడుదల అన్నియు ఒకదాని కొకటి అతుకుచున్నవి. వాని నడుమ అడ్డుపడు సంగతి ఒక్కటియు లేదు. ప్రసిద్ధ పురుషుని విషయముననే ఇన్ని ఆనవాళ్లు చూడవలసి యుండగా, శిస్తు రసీదులో ఒక్క పంక్తిగా మిగిలిన సామాన్యుని విషయమున ఎంత జాగ్రత్త వలయునో ఊహింపుడు.

కావున మొదటి సూత్రము ఇది: కాగితమునుండి క్రిందికి దిగరాదు, మననుండి పైకి ఎక్కవలెను. నేను ఎవరి బిడ్డను? ఆయన ఎవరి బిడ్డ? ఆయన తండ్రి ఎవరు? ప్రతి మెట్టునకు ఒక ఆధారము చూపి, అది గట్టిపడిన పిదపనే తరువాతి మెట్టుపై కాలు మోపవలెను. మన ఇండ్లలో కొన్నింట శజరా యను వంశవృక్షము భద్రపరచుట కలదు. హదీసు విద్యలో ఇస్నాద్ పరీక్ష కలదు. చెప్పినవాడు విన్నవానిని నిజముగా కలిసికొనెనా, వారి కాలములు కలియునా అని ఒక్కొక్క కడియను విచారింతురు. గొలుసులో ఒక కడి తెగినచో మిగిలిన కడియలెంత గట్టివైనను ప్రయోజనము లేదు. కొండకాపు వంశమునకైనను, నవాబు వంశమునకైనను నియమమొక్కటే.

పై తరముల సంగతి పెద్దలనే అడుగవలెను. అడుగుటలో మెలకువ వలయును. మన భాషలో 'తాత' యన్న మాట తండ్రి తండ్రికి, తల్లి తండ్రికి, వారి అన్నదమ్ములకు కూడ చెల్లును. మేనరికములు జరిగిన ఇండ్లలో ఒకే మనిషి రెండు వైపులనుండి బంధువగును. కావున "మా తాత ఎవరు?" అని కాక, "మా నాన్నను కన్న తండ్రిని కన్నదెవరు?" అని అడుగుట మేలు. అన్నిటికంటె ముఖ్యము: మన చేతిలోని కాగితమును ముందు చూపరాదు, అందలి పేరును మనము ముందు పలుకరాదు. "మా ముత్తాత తండ్రి బుద్ర కదా?" అని అడిగినచో, ముసలివారు పిల్లవాని ముచ్చట తీర్చుటకు అవుననుట లోకసహజము.

ఈ పొరపాటు లోకప్రసిద్ధుడైన రచయితకే జరిగినది. అమెరికాలోని నీగ్రో జాతికి చెందిన అలెక్స్ హేలీ 1976లో 'రూట్స్' అను గ్రంథమున, 1767లో ఆఫ్రికానుండి ఓడలో బానిసగా తేబడిన కుంటా కింటే తన పూర్వికుడనియు, వర్జీనియాలో అతనికి టోబీ యని పేరు పెట్టిరనియు వ్రాసెను. 1981లో వంశచరిత్ర పరిశోధకులు ఆ ప్రాంతపు పత్రములను పరిశీలింపగా, ఆ యజమాని ఇంట టోబీ యనువాడు 1762 నాటికే ఉన్నట్లు తేలినది. ఓడ రాక ముందే ఉన్నవాడు ఆ ఓడలో వచ్చినవాడెట్లగును? ఆఫ్రికా గ్రామమున కథ చెప్పినవారికి హేలీ ఏమి వినగోరుచున్నాడో ముందే తెలిసియుండెననియు విమర్శకులు చూపిరి. గ్రంథము కోట్లమంది హృదయములను కదిలించినది, నిజమే. కాని హృదయము కదలుట సాక్ష్యము కాదు.

న్యాయశాస్త్రమునకును ఈ సంగతి తెలియును. బంధుత్వమును గూర్చి మరణించిన పెద్దలు చెప్పిన మాటను, తగవు పుట్టుటకు ముందు చెప్పినదైనచో, సాక్ష్యముగా గైకొనవచ్చునని 1872 నాటి సాక్ష్య చట్టము చెప్పినది. 2024 జూలై 1నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఈ సూత్రమును నిలుపుకొన్నది. తగవు పుట్టిన తరువాత జ్ఞాపకములు కూడ పక్షము వహించును గదా!

కాగితముల కొరకు వెదకునపుడు పాత సరిహద్దులను గుర్తుంచుకొనవలెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు కొరాపుట్టు, జయపురము ప్రాంతములు విశాఖపట్టణము జిల్లాలోనే ఉండెను. 1953 అక్టోబరు 1 వరకు ఈ జిల్లా మద్రాసు రాజ్యములోనిది. 2022 ఏప్రిల్ 4న అరకు, పాడేరు ప్రాంతములు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినవి. మనుష్యులు కదలకున్నను జిల్లాలు మారినవి. కావున కాగితములు చెన్నైలోని పాత భాండాగారమున నుండవచ్చును, భువనేశ్వరమున నుండవచ్చును, విశాఖలో నుండవచ్చును. మనుష్యులును కదలిరి. మాచ్‌ఖండ్ విద్యుత్పథకము కొరకు జలాపుట్టు జలాశయము కట్టినపుడు ఊళ్లు మునిగినవి. 'వలస' అని ముగియు ఊరి పేర్లే ఆ కదలికకు సాక్షులు. కొత్తవలస అను ఊళ్లు ఒకటికంటె ఎక్కువ. కావున ఊరి పేరు కలిసినను అది ఏ ఊరో తేల్చుకొనవలెను. జనాభా లెక్కల పత్రములలో తాత పేరు చూచుకొందమనుకొనుట మాత్రము వృథా. 1948 నాటి సెన్సస్ చట్టము వానిని ఎవరును తనిఖీ చేయరాదనియు, సామాన్యముగా సాక్ష్యమునకు పనికిరావనియు చెప్పుచున్నది.

కాగితములోని మనిషియు, మన నోటిలెక్కలోని మనిషియు ఒకరేనా యని చూచుటకు ఐదు ఆనవాళ్లు: పేరు, వంశనామము, ఊరు, కాలము, బంధువులు. వీనిలో తండ్రి, భార్య, అన్నదమ్ముల పేర్లు మిక్కిలి విలువైనవి. ఏలయన ఒక పేరు గలవారు పదుగురుండవచ్చును గాని, అదే పేరు, అదే తండ్రి, అదే భార్య గలవారు అరుదు. వివాహ నియమము కూడ ఒక పరీక్షయే. ఒకే వంశనామము గలవారు పెండ్లి చేసికొనరు గనుక, భార్యాభర్తలు ఇరువురును పుట్టుకచే కొర్రా వారేయని కాగితము చెప్పినచో, ఎచటనో పొరపాటున్నదని అనుమానింపవలెను. నాలుగు ఆనవాళ్లు కలిసినను నమ్మకము పెరుగునే గాని సంపూర్ణము కాదు. తప్పించుకొనరాని వైరుధ్యము ఒక్కటున్నచో మాత్రము బంధము తెగినట్లే.

నేడు రక్తపరీక్ష, లాలాజలపరీక్షల మాట వినబడుచున్నది. డి.ఎన్.ఏ. పరీక్ష బ్రతికియున్న ఇరువురికి బంధుత్వమున్నదా యని చెప్పగలదు. కాని రసీదులోని సుక్రు ఎవరో అది చెప్పలేదు. కాగితమునకు రక్తము లేదు. తరతరములుగా తమలో తామే పెండ్లిండ్లు చేసికొనిన ఊళ్లలో అందరును అందరికి కొంత కొంత బంధువులే యగుదురు.

మన విద్యార్థి దసరా సెలవులకు ఇంటికి వెళ్లి, ఊరిలో అందరికంటె పెద్దదైన ముసలమ్మను అడిగినాడు. కాగితము చూపలేదు. ఆమె వెంటనే, "ఏ సుక్రురా? మీ ఇంటి సుక్రా, గెడ్డ అవతలి సుక్రా?" అన్నదట. ఇద్దరు సుక్రులు ఉండిరి! వారి ఇంటి సుక్రు తండ్రి సోంబారు. గెడ్డ అవతలి సుక్రు తండ్రి బుద్ర. మరి ఇద్దరు పెద్దలు, వేరువేరుగా అడిగినపుడు, అట్లే చెప్పిరి. అతడు తిరిగి వచ్చి, "ఆయన మా ముత్తాత కారండి, మాస్టారూ" అన్నాడు. స్వరములో కొంత నిరాశ యున్నది. మేనమామకు కోపము వచ్చినదట కూడ. అయినను అతడు గెడ్డ అవతలి ఇంటికి పోయి, పెట్టెలోని ఆ రసీదు ఎవరిదో, దాని విలువ ఏమిటో వారికి చెప్పి వచ్చినాడు. అంతవరకు ఆ ఇంటివారు దానిని చిత్తుకాగితమనుకొనిరి.

అతని కుటుంబము కూడ వట్టి చేతులతో మిగులలేదు. 13వ నియమము పాత బావులను, శ్మశానములను, హక్కుదారులు కాని పెద్దలు చెప్పగా వ్రాసిన వాంగ్మూలమును కూడ సాక్ష్యములుగా అంగీకరించుచున్నది. అయితే ఒక్క సాక్ష్యముతో సరిపుచ్చక, ఒకటికంటె ఎక్కువ చూడవలెనన్నది. వారి పెద్దలు నాటిన రాళ్లు, త్రవ్విన బావి అచటనే యున్నవి. ఆ ముసలమ్మ మాటలను తేదీ వేసి, సాక్షులతో వ్రాయించి యుంచుమని చెప్పితిమి. అతడట్లే చేసినాడు.

విద్యార్థులారా, మీ ఇండ్లలోను అట్టి ముసలివారుందురు. ఈ సెలవులలో ఒక నోటుపుస్తకము తీసికొని వారి ప్రక్కన కూర్చుండుడు. పేరు చెప్పక అడుగుడు, చెప్పినది చెప్పినట్లు వ్రాయుడు, తేదీ వేయుడు. గొప్ప పూర్వికుడు దొరకకపోవచ్చును. మీ పూర్వికుడు దొరకిన చాలును.