ఒక రోజు వేషం, ఏడాది బతుకు: గంగజాతరను గీసేటప్పుడు

తిరుపతి గంగజాతర బొమ్మ గీసేవానికి సరుకు కరువు లేదు. మే నెలలో వారం రోజులు వీధులన్నీ రంగులే. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్ల నామం, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. ఇంకా దొర, మాతంగి, సున్నపుకుండలు. ఆడవాళ్ళను చెరిచే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రూపాలు మార్చిందనీ, దొర రూపంలో వాని తల నరికిందనీ కథ. ప్రధాన వేషాలు కైకాల కుటుంబాలవి. మొక్కున్న మిగతా వాళ్ళూ ఒళ్ళు పూసుకొని బయల్దేరతారు. మగవాళ్ళు చీరలు కడతారు. ఆ వారం బూతు కూడా మొక్కే.

పెద్దా చిన్నా తలకిందులయ్యే ఇలాంటి పండుగ గురించి రష్యా పండితుడు బఖ్తిన్ చాలా రాశాడు. మనం అడగాల్సింది ఒకటుంది. ఆ తలకిందులు ఎన్నాళ్ళు?

తోటి ఎవరు? ఊరికి కబుర్లు మోసి, పిలిచినప్పుడల్లా వెట్టి చేసిన మనిషి. ఎక్కువగా మాలమాదిగ వాడల మనిషే. బొగ్గు పూసుకున్నవాడు స్నానం చేస్తే తోటితనం పోతుంది. వాడలో పుట్టినవానికి ఏ నీళ్ళతో పోయింది?

మాతంగి సంగతి చూడండి. జాతరలో ఆ వేషానికి జనం దండం పెడతారు. ఇదే పాత చిత్తూరు జిల్లా తూర్పు మండలాల్లో మాదిగ ఆడపిల్లలను మాతమ్మకు వదిలారు. పసిబిడ్డకు జబ్బు చేస్తే దేవతకు మొక్కి, ఆమె పేర తాళి కడతారు. పెద్దయ్యాక ఆ పిల్లకు పెళ్ళి ఉండదు, ఊరి మగవాళ్ళ నుంచి రక్షణా ఉండదు. ఇలా అంకితమివ్వడాన్ని నిషేధిస్తూ రాష్ట్రం 1988లో చట్టం చేసింది. అయినా 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ మాతమ్మల విషయమై ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులివ్వాల్సి వచ్చింది. వేషానికి దండం, మనిషికి దండన!

ఈ రెండూ ఒకే బొమ్మలో పడతాయా? పడతాయి. 1559లో బ్రూగెల్ అనే చిత్రకారుడు కార్నివాల్‌కూ ఉపవాస దినాలకూ మధ్య పోరు గీశాడు. పీపా మీద కూర్చున్న లావుపాటివాడు ముందున్నాడు. అదే చౌకులో చేపలమ్మే ఆడవాళ్ళు, కాళ్ళు లేని బిచ్చగాళ్ళు, ఇంటిపనులు చేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరినీ అంచుకు నెట్టలేదు. మన దగ్గర 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్, పల్లె మనుషుల్నీ మేకల్నీ చెట్లనూ సన్నటి గీతలో పట్టుకున్నాడు. మామూలు ఒళ్ళు కూడా బొమ్మకు తగినదేనని చూపాడు.

జాతర గీసే విద్యార్థులు ఒక పని చెయ్యాలి. వేషం కట్టినవాణ్ణి గీయండి. ఆ పక్కనే, జాతర ముగిసిన తెల్లవారి వీధి ఊడ్చే మనిషినీ, డప్పు దించి కూలికి పోయేవాణ్ణీ, పెళ్ళి లేని మాతమ్మనూ అంతే పెద్దగా గీయండి. వాళ్ళను వదిలేస్తే మన బొమ్మలోనూ వాడ ఊరి బయటే ఉండిపోతుంది.