షాఫ్టు మోటారు సైకిళ్ళలో స్ప్లైను పండ్ల అరుగుదల: దానిని గుర్తించు విధము

మోటారు సైకిలు ఎంజినునందు పుట్టిన శక్తి వెనుక చక్రమును చేరుటకు గొలుసు, బెల్టు, షాఫ్టు అని మూడు మార్గములు కలవు. వీనిలో గొలుసు తన వయస్సును తానే చాటుకొనును. అది సాగి వ్రేలాడును, చప్పుడు చేయును, పండ్లచక్రముపై ఎగిరి దుముకును. దాని స్థితిని గ్రహించుటకు బండి యజమాని నిపుణుడు కానక్కరలేదు. షాఫ్టు అట్టిది కాదు. అది లోహపు గొట్టములో దాగి, దుమ్ము సోకక, బిగింపు కోరక, సంవత్సరముల తరబడి తిరుగుచుండును. అందుచేత దానికి సంరక్షణమే అక్కరలేదని పెక్కుమంది భావింతురు. షాఫ్టు విరుగుట అరుదే. కాని దానిని ఇతర భాగములతో కలుపు స్ప్లైను పండ్లు మాత్రము అరుగుచునే యుండును. అవి పూర్తిగా అరిగిన దినమున ఎంజిను ఎంత వేగముగా తిరిగినను బండి కదలదు. ఆ దినమునకు ముందే అరుగుదలను ఎట్లు కనిపెట్టవచ్చునో, ఏ దశలో భాగములను మార్చవలెనో వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

షాఫ్టుతో నడచు మోటారు సైకిలు నేటి కల్పన కాదు. బెల్జియమునందలి ఎఫ్.ఎన్. సంస్థ 1905లోనే నాలుగు సిలిండర్ల షాఫ్టు బండిని వెలువరించినది. 1923లో మాక్స్ ఫ్రిట్జ్ రూపకల్పనచే జర్మనీలో వెలువడిన బి.ఎం.డబ్ల్యు. ఆర్ 32 ఈ పద్ధతికి స్థిరమైన పేరు తెచ్చినది. ఇటలీవారి మోటో గుజ్జి వి 7, 1975 నాటి హోండా గోల్డ్ వింగ్ మున్నగునవి అదే బాటను నడచినవి. మన ప్రాంతమువారికి ఒక సంగతి వింతగా తోచవచ్చును. 2004 వరకు ధర్మపురి జిల్లాలోనిదైన హోసూరునందు టి.వి.యస్. కర్మాగారమున తయారై, 2018లో మన దేశపు విపణికి వచ్చిన బి.ఎం.డబ్ల్యు. జి 310 బండ్లు గొలుసుతో నడచునవియే. షాఫ్టు బండ్ల విడిభాగములు చాలవరకు విదేశమునుండియే రావలసి యుండును. ఈ సంగతికి భాగములను ఎప్పుడు మార్చవలెనను ప్రశ్నతో దగ్గర సంబంధము కలదు. దానిని ముందు చూతము.

స్ప్లైను అనగానేమో తెలిసికొనుటకు షాఫ్టు బండిని విప్పనక్కరలేదు. తుంబలహళ్లివంటి పల్లెలో ఏ ట్రాక్టరు వెనుకకు పోయి చూచినను చాలును. (‘హళ్లి’ యన్నది కన్నడము, పాలనము తమిళములో, ఇంటిమాట కొందరికి తెలుగు, యంత్రముల పేర్లు మాత్రము ఈ మూడింటికిని ఉమ్మడి సొత్తు.) రోటవేటరును త్రిప్పుటకై ట్రాక్టరు వెనుక పొడుచుకొని వచ్చిన పొట్టి కడ్డీనే మెకానిక్కులు పి.టి.ఓ. షాఫ్టందురు. దాని అడ్డుకొలత సుమారు 35 మిల్లీమీటర్లు. చుట్టును నిలువుగా ఆరు పండ్లుండును. రోటవేటరు షాఫ్టు చివరనున్న యోకులో ఆ పండ్లకు సరిపడు గాళ్ళుండును. గాడిలో పన్ను ఇమిడినప్పుడు రెండును ఒక్కటిగా తిరుగును, అయినను ముందు వెనుకలకు జారగలవు. త్రిప్పుబలమును అందించుచునే జారనిచ్చుట స్ప్లైనుయొక్క ప్రత్యేకత.

ఆ పండ్లపై పడు భారమును లెక్కించి చూచిన ఆశ్చర్యము కలుగును. 40 అశ్వశక్తి నిమిషమునకు 540 చుట్ల వేగముతో ఆ కడ్డీగుండ పోవుచున్నదనుకొందము. పంటి నడిమిభాగము కేంద్రమునకు సుమారు 16 మిల్లీమీటర్ల దూరమున నున్నది. అప్పుడు పండ్లన్నింటిపైని పడు ఒత్తిడి సుమారు 3,300 కిలోగ్రాముల బరువునకు సమానము. ఆరింటికి పంచగా ఒక్కొక్క పంటికి 550 కిలోగ్రాములు. ఇదియును పండ్లన్నియు సమముగా మోసినప్పటి మాట. వాస్తవమునందు రెండు మూడు పండ్లే అధికభారమును మోయుచుండును. రోటవేటరు కత్తికి రాయి తగిలిన క్షణమున అది ఇంకను పెరుగును. మోటారు సైకిలునందు పండ్లు ఇంతకంటె సన్నము, సంఖ్యలో ఎక్కువ. ఇరువదికి అటునిటుగా నుండుట కద్దు. న్యాయము మాత్రము ఒక్కటే.

మోటారు సైకిలులో ఈ కూడలులు ముఖ్యముగా మూడుచోట్ల నుండును. క్లచ్ పలక గేరుపెట్టెలోనికి పోవు షాఫ్టుపై కూర్చుండుచోట మొదటిది. పొడుగు షాఫ్టుయొక్క చివర రెండవది. గతుకులలో వెనుక చక్రము పైకి క్రిందికి ఆడినపుడు షాఫ్టు పొడవు మారవలసియుండును గాన అచ్చట జారుడు తప్పదు. గోల్డ్ వింగునందును, పాత బి.ఎం.డబ్ల్యు. జంట సిలిండర్ల బండ్లయందును వెనుక చక్రపు నడిబొడ్డు వెనుక గేరుపెట్టెతో కూడుచోట మూడవది. చక్రమును ఊడదీసిన ప్రతిసారి ఈ మూడవదానిని కన్నులార చూడవచ్చును. మొదటిదానిని చూడవలెనన్న గేరుపెట్టెనే దించవలెను. దుష్టమైన అరుగుదల తరచుగా కంటికి దూరమైన ఆ మొదటిచోటనే జరుగుట యజమానులకు చిక్కు.

అరుగుదల జరుగు తీరు తెలిసిననే గుర్తులు తెలియును. కూడియున్న పండ్లు కంటికి కదలనట్లే యుండును. కాని ఎంజిను ప్రతి తాకిడితోను అవి మిల్లీమీటరులో నూరవవంతు పాటి జారుచు రాచుకొనును. రాపిడికి సూక్ష్మమైన ఇనుపరేణువులు రాలి, గాలిలోని ఆమ్లజనితో కూడి ఎఱ్ఱని పొడియగును. ఈ పొడి మెత్తని ఉక్కుకంటె గట్టిది. మిగిలిన గ్రీజుతో కలసి సానపొడివలె పనిచేసి మరికొంత లోహమును తినివేయును. కావున స్ప్లైనును విప్పినపుడు గ్రీజు నల్లగా గాక ఇటుకరంగు ముద్దగా కనబడినచో రాపిడి మొదలైనదని తెలియవలెను. నీటివలన పట్టిన త్రుప్పును దీనితో పొరబడరాదు. నీటిత్రుప్పు గాడిలో ఇమడని భాగముతో సహా అంతటను పరచుకొనియుండును; రాపిడిపొడి పండ్లు ఒరయు ముఖములనే అంటుకొనియుండును.

ఇచ్చట మరియొక విషయమును మరువరాదు. చాల యంత్రములలో పంటి పైపొరను మాత్రమే గట్టిపరతురు. ఆ పొర లోతు సామాన్యముగా అర మిల్లీమీటరు మొదలు ఒక మిల్లీమీటరు వరకు నుండును. లోపలి ఉక్కు మెత్తన. ఆ పొర ఉన్నంతకాలము అరుగుదల నెమ్మదిగా సాగును, అది తొలగిన పిమ్మట పరుగులెత్తును. ‘ఇన్ని వేల కిలోమీటర్లకు ఇంత అరిగినది గనుక ఇంకను అన్ని వేలు నడచును’ అను త్రైరాశికము ఇందు పనికిరాదు.

ఇక పరీక్ష. మొదట పండ్లను కిరసనాయిలుతో కడిగి, తుడిచి, మంచి వెలుతురులో చూడవలెను. క్రొత్త పంటి కొన పదునుగా నుండదు. చదునుగా, ఇరుప్రక్కలను సమానమైన వాలుతో నుండును. ఎంజిను చక్రమును త్రోయుచుండు కాలము ఎక్కువ, చక్రము ఎంజినును త్రిప్పు కాలము తక్కువ. అందుచేత పంటికి ఒకవైపుననే అరుగుదల అధికము. రెండు వాలులలో ఒకటి లోనికి గుంటపడి, కొననున్న చదును సన్నగిల్లుచున్నచో అరుగుదల నడిమిదశలో నున్నట్లు. చదును పూర్తిగా పోయి పన్ను కొడవలిమొనవలె ఒకవైపునకు వంగినట్లు కనబడిన, ఆ బండిని ఇక నడపరాదు.

కంటిచూపుకంటె నమ్మదగిన కొలత ఆ షాఫ్టుపైననే కలదు. పండ్లు పూర్తి పొడవునను గాడిలో ఇమడవు. సాధారణముగా ఒక చివర కొద్దిభాగము బయట మిగులును. ఆ భాగము కర్మాగారమునుండి వచ్చిన నాటివలెనే యుండును. వ్రేలిగోటిని అచ్చటినుండి అరిగిన భాగమువైపు మెల్లగా జార్చిన మెట్టువంటిది తగులును. వెర్నియరు కాలిపరుతో రెండు భాగములందును, పంటి ఎత్తులో ఒక్కటే స్థానమున, మందమును కొలిచి వ్యత్యాసమును చూడవలెను. అంగడిలో క్రొత్త భాగమును తెచ్చి పోల్చనక్కరలేదు, పుస్తకమును వెదకనక్కరలేదు. ప్రతి షాఫ్టును తన పుట్టుకొలతను తనపైననే మోయుచున్నది. ఈ సులభమైన ఉపాయమును వాడువారు తక్కువగా నుండుట నాకు ఆశ్చర్యమును గలిగించును.

చక్రమును చేతితో త్రిప్పి వదులును చూచు పద్ధతి సర్వత్ర వాడుకలో నున్నది. బండిని నిలిపి, గేరు వేసి, వెనుక చక్రమును ముందు వెనుకలకు ఆడించుటయే ఆ పద్ధతి. ఇది పనికిరానిది కాదు, కాని దాని హద్దు తెలిసికొనవలెను. స్ప్లైను పండ్లు కేంద్రమునకు 15 మిల్లీమీటర్ల దూరమున నుండి, వాని నడుమ అర మిల్లీమీటరు వదులున్నదనుకొందము. ఆ స్ప్లైను చక్రపు నడిబొడ్డుననే యున్నచో, 300 మిల్లీమీటర్ల దూరముననున్న చక్రపు అంచున వదులు 10 మిల్లీమీటర్లుగా కనబడును. అదే వదులు పొడుగు షాఫ్టుపై నున్నచో, వెనుక గేరు వేగమును మూడవవంతు చేయుననుకొనిన, అంచున సుమారు 3 మిల్లీమీటర్లే కనబడును. క్లచ్ స్ప్లైనుననైన ఒక మిల్లీమీటరైనను కనబడదు. గేరుపెట్టెలో సహజముగా నుండు వదులులో అది కలసిపోవును. కావున చక్రము బిగువుగా నున్నదని చెప్పి క్లచ్ స్ప్లైను బాగున్నదని నిశ్చయించుట తగదు. గేరుపెట్టెను వేరే పనికై దించిన ప్రతిసారియు ఆ పండ్లను చూడక మరల బిగించుట అవివేకము.

ఎప్పుడు మార్చవలెను? తయారుచేసినవారు హద్దు చెప్పియున్నచో అదియే ప్రమాణము. చెప్పనిచోట నా అభిప్రాయము ఇది. రెండు మిల్లీమీటర్ల మందముగల పంటిలో అర మిల్లీమీటరు, అనగా నాల్గవవంతు, పోయినప్పుడు గట్టి పొర అంత్యదశకు వచ్చినట్లు భావించి క్రొత్త భాగములను తెప్పించుకొనవలెను. మూడవవంతు పోయినప్పుడు మార్చితీరవలెను. భాగములు వారములతరబడి దూరమునుండి రావలసిన బండికి ఈ మొదటి హద్దే అసలు హద్దు.

అనవసరముగా తొందరించుచున్నానని కొందరు తలంపవచ్చును. భాగముల వెల స్వల్పము కాదు. ఒక కుటుంబపు నెలల ఆదాయము అందులో పోవచ్చును. అయినను తొప్పూరు కనుమను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ధర్మపురినుండి సేలమునకు పోవు 44వ జాతీయ రహదారిపై ఎన్నియో ప్రమాదములు జరిగిన దిగుడుబాట అది. దిగుడులో బండివేగమును ఆపునది బ్రేకు మాత్రమే కాదు. చిన్న గేరులోనున్న ఎంజినుకూడ చక్రమును వెనుకకు పట్టియుంచును. పండ్లు అచ్చట రాలినచో ఆ పట్టు ఒక్క క్షణములో పోవును, భారమంతయు బ్రేకులపై పడును. అట్టి బండిని వాలుపై గేరులో పెట్టి నిలిపినను నిలువదు.

మార్చునపుడు రెండు భాగములను జతగా మార్చుట ఉత్తమము. అరిగిన గాడిలో క్రొత్త పన్నును పెట్టినచో ఒత్తిడి అంచులపైననే పడి, క్రొత్తది పాతదానివలె త్వరలోనే చెడును. వెల అడ్డువచ్చినచో ఏది ముందు అనునది యోచింపవలెను. ట్రాక్టరునందు యోకు చౌక, పి.టి.ఓ. షాఫ్టు ప్రియము, యోకును వదులు కాగానే మార్చువాని షాఫ్టు దీర్ఘకాలము నిలుచును. అట్లే మోటారు సైకిలునందు క్లచ్ పలక సులభముగా మారును, గేరుపెట్టె షాఫ్టును మార్చుటకు పెట్టెనే విప్పవలెను. కాబట్టి పలక గాళ్ళు అరిగియున్నచో, పలక పైపూత ఇంకను మిగిలియున్నదని దానిని నిలుపుకొనుట లోభమే కాని పొదుపు కాదు.

అరిగిన పండ్లపై వెల్డింగుతో లోహమును పోసి ఆకురాయితో పన్నును మలచుట మన పల్లె యంత్రశాలలలో కద్దు. ట్రాక్టరు పనిముట్ల విషయములో ఒక పంటకాలము గట్టెక్కించినది గావచ్చును. మోటారు సైకిలు విషయములో నేను దీనిని అంగీకరింపను. ఆ వేడికి చుట్టుప్రక్కల గట్టిదనము పోవును, షాఫ్టు వంగుటయు కలదు. భాగము ఎచ్చటను దొరకనిచో కోయంబత్తూరు వంటి చోట్ల సరియైన ఉక్కుతో క్రొత్త షాఫ్టును కోయించి, గట్టిపరపించుకొనుట మేలు.

క్రొత్త పండ్లుకూడ కొలదికాలములోనే అరిగినచో గ్రీజును నిందింపక వరుసను పరీక్షింపవలెను. పన్ను పొడవునను సమముగా గాక ఒక చివర ఎక్కువగా అరిగియున్నచో ఎంజినును గేరుపెట్టెయు ఒక్క రేఖలో లేవని అర్థము. ఆ వంకరను దిద్దక ఎన్ని షాఫ్టులు మార్చినను ఫలము శూన్యము.

పూతకు సాధారణపు చక్రపు గ్రీజు చాలదు. ఒత్తిడికి అది ప్రక్కకు తొలగిపోవును. మాలిబ్డెనం డైసల్ఫైడు అధికముగా గల ముద్దను వాడవలెను. 60 శాతము గలది హోండా బండ్లకై చిరకాలము వాడుకలో నుండినది. పాతదానిని పూర్తిగా కడిగి, చిన్న కుంచెతో పంటి ముఖములకు పలుచగా పూయవలెను. చక్రపు స్ప్లైనునకు టైరు మార్చిన ప్రతిసారియు పూత వేయుట మంచి నియమము. వానలో, వాగులలో నడచు బండికి ఇంకను ముందే. క్లచ్ స్ప్లైనునకు మాత్రము అతి పలుచగా పూయవలెను, ఎక్కువైనది తిరుగు వేగమునకు చిమ్మి పలకపై పడిన క్లచ్ జారును. బిగించుటకు ముందు కొలిచిన పంటి మందమును, తేదీని, బండి నడచిన కిలోమీటర్లను ఒక పుస్తకములో వ్రాసియుంచిన, మరల విప్పినపుడు ఏ కాలములో ఎంత పోయినదో తెలియును.