పాత రేడియోలో గిటారు పలికించుట

అటకపైనున్న పాత వాల్వు రేడియోను గిటారుకు యాంప్లిఫయరుగా మార్చవచ్చునా? కొన్నిటిని మార్చవచ్చును, కొన్నిటిని తాకనే కూడదు. ఈ భేదము తెలియక పనికి పూనుకొన్నచో ప్రాణమునకే ముప్పు. కావున ముందుగా నిర్మాణమును, పిదప ఆ భేదమును వివరింతుము.

గిటారు తీగ కంపించినపుడు దాని క్రింద అమర్చిన పికప్‌లో వోల్టులో పదవవంతు ప్రాంతమున విద్యుత్తు పుట్టును. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ వాయించిన విద్యుత్ మాండలిన్‌లోనూ సూత్రమిదియే. ఈ సన్నని సంకేతమును ఇ.సి.సి.83 వాల్వులోని ఒక సగము సుమారు 50 రెట్లు పెంచును. ఆ అయిదు వోల్టులు ఇ.ఎల్.84 అను శక్తివాల్వును నడుపుటకు చాలును. అది 250 వోల్టులపై సుమారు 5 వాట్లనిచ్చును. అరుగుపై కూడిన పదిమందికి ధారాళము.

ఈ వాల్వు కోరు భారము 5,200 ఓములు. లౌడుస్పీకరుకున్నవి 8 ఓములే. ఈ రెంటికి పొత్తు కుదుర్చునది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. 5,200ను 8చే భాగింపగా 650. దాని వర్గమూలము ఇంచుమించు 25. అనగా మొదటి చుట్టలో 25 చుట్లకు రెండవదానిలో ఒక చుట్టు ఉండవలెను. లౌడుస్పీకరు తగిలింపక నడిపినచో ఇది మాడిపోవచ్చును.

ఇ.ఎల్.84 గల పాత రేడియోలో ఈ సామగ్రి చాలవరకు సిద్ధముగానే ఉండును. వెనుకనున్న గ్రామఫోను పికప్ రంధ్రములకు ముందు ఇ.సి.సి.83 అంచెను చేర్చిన చాలును.

ఇక ముప్పు సంగతి. ఏ.సి., డి.సి. రెంటిపై పనిచేయు సెట్లలో మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. యు.ఎల్.84, యు.వై.85 వంటి ‘యు’ అక్షరపు వాల్వులు వాటి గుర్తు. వాటి చాసీ నేరుగా మెయిన్సుకే తగిలి ఉండును. కర్రపెట్టె అడ్డుగా ఉన్నంతకాలము వినువారికి భయము లేదు. గిటారు తీగలు మాత్రము పికప్ త్రాడు ద్వారా చాసీతో కలియును. ప్లగ్గు తిరగబడినచో 230 వోల్టులు వాయించువాని వ్రేళ్లలోనికే వచ్చును. ఏండ్ల తరబడి ఇంటిల్లిపాదికి వార్తలు వినిపించిన సెట్టే అప్పుడు మృత్యువగును. ‘యు’ అక్షరము లేనంతమాత్రాన నమ్మరాదు; మెయిన్సుకును చాసీకిని సంబంధము లేదని అనుభవజ్ఞుడైన మెకానిక్కు మీటరుతో తేల్చవలెను. పిదప మూడు పిన్నుల ప్లగ్గుతో చాసీని ఎర్తు చేయింపవలెను.

మూలపేట మొదలుగా ఉద్దానపు తీరమంతట మరియొక జాగ్రత్త అవసరము. ఉప్పుగాలికి చాసీ తుప్పుపట్టును. తేమకు పాత కాగితపు కండెన్సర్లు విద్యుత్తును జారవిడుచును. వాటిని ముందే మార్పింపవలెను. పెట్టెకు దూరము పోనక్కరలేదు. బొబ్బిలి వీణకు వాడు పనసకఱ్ఱ ఉద్దానమున దొరకును. వాల్వుల వేడి పోవుటకు వెనుకభాగమును మాత్రము జాలీగా విడువవలెను.

కడపటి మాట: స్విచ్చి ఆపినను పెద్ద కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచియుండవచ్చును. మీటరు సున్న చూపువరకు లోపల చేయి పెట్టరాదు.